పాడి మేకలకు పోతు ఎంపిక: అపోహలు - వాస్తవాలు

ఒక మేక తన పాలగుణాన్ని ఈతకు ఒకటి రెండు పిల్లలకే ఇవ్వగలదు. పోతు మాత్రం ఆ ఏడాది మందలో పుట్టే ప్రతి పిల్లకూ సగం గుణాలు ఇస్తుంది. అందుకే పాతిక మేకల మందలో అన్నిటికంటే జాగ్రత్తగా ఎంచాల్సిన జీవం అదే. తీరా కొనేటప్పుడు చాలామంది చూసేది ఎత్తు, చెవుల పొడవు, ఒంటి రంగు.

అపోహ: ఎత్తుగా, బరువుగా ఉన్న పోతుకు పుట్టిన పిల్లలు ఎక్కువ పాలిస్తాయి.

ఎత్తూ బరువూ మాంసానికి పనికొచ్చే లెక్కలు. పాలగుణం పోతు ఒంటి మీద కనిపించదు. దాని తల్లిలో, అక్కచెల్లెళ్లలో, కూతుళ్లలో కనిపిస్తుంది. కాబట్టి ముందు తల్లిని చూపించమనండి.

"రోజుకు మూడు లీటర్లు" అని చెప్పే లెక్క తరచుగా ఈనిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య, పాలు బాగా దిగే రోజుల్లోది. అది ఎన్నో ఈత, ఎన్ని రోజులు పిండారు, మొత్తం ఎన్ని పాలు వచ్చాయి అని అడగండి. రాసిపెట్టిన లెక్క లేకపోతే ముందురోజు సాయంత్రం మీ ఎదుటే పూర్తిగా పిండించి, పిల్లల్ని వేరుగా కట్టించండి. మర్నాడు ఉదయం, మళ్లీ అదే వేళకు సాయంత్రం పిండిన పాలు తూకం వేయండి. ఆ రెండు పూటలవి కలిపితే రోజు పాలు తేలతాయి.

పిండాక పొదుగును చేత్తో నొక్కి చూడండి. ఖాళీ సంచిలా ముడతపడి మెత్తబడాలి. పిండినా తగ్గకుండా గట్టిగా ఉంటే అది కండ పొదుగైనా కావాలి, పాత పొదుగువాపు మిగిల్చిన గట్టిదనమైనా కావాలి. నిండుగా ఉన్నప్పుడు కూడా పొదుగు అడుగు వెనక కాళ్ల మడమ కీలు దాటి కిందికి జారకూడదు. ఇక తల్లిది మొదటి ఈత అయితే, అదే కొట్టంలో అదే మేత తినే మొదటి ఈత మేకలతోనే పోల్చాలి. వేరే మంద లెక్కతో పోల్చి లాభం లేదు.

పోతు కట్టించాక పిల్ల పుట్టడానికి ఐదు నెలలు. ఆ పిల్ల పెరిగి, చూడి కట్టి, ఈని పాలివ్వడానికి ఇంకో ఏడాది పైనే. పోతు అసలు సత్తా తెలిసేసరికి దాదాపు రెండేళ్లవుతుంది, ఈలోపే చాలామంది దాన్ని అమ్మేస్తారు. కూతుళ్లు మంచి పాడి ఇస్తున్న నాలుగైదేళ్ల పోతు ఆరోగ్యంగా దొరికితే, నిగనిగలాడే ఏడాది పోతు కంటే దానికే మా ఓటు.

అపోహ: పోతుకు చనుమొనలు చూడాల్సిన పని లేదు.

తప్పకుండా చూడాలి. పోతును నిలబెట్టి, వృషణాల సంచి ముందు వేళ్లతో తడమండి. చిన్న మొనలు రెండే ఉండాలి, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. మూడోది ఉన్నా, ఒకే మొన చివర రెండుగా చీలినా వదిలేయండి. ఆ లోపం కూతుళ్లకు దిగుతుంది, పాలు పిండే చేతికి రోజూ ఇబ్బందే.

చెయ్యి అక్కడే ఉంది కాబట్టి వృషణాలూ చూసేయండి. రెండూ సంచిలోకి దిగి, సమానంగా, బిగువుగా ఉండాలి. ఒకటే దిగిన పోతు వద్దు, అది వంశంలో వచ్చే లోపం. రెంటినీ కిందికి జరిపి, లావుగా ఉన్న చోట టేపు చుట్టండి. ఎదిగిన పెద్దజాతి పోతుకు 25 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. ప్రతి వృషణం అడుగున వేలికి తగిలే చిన్న ఉబ్బు సహజమే. అది గట్టిపడినా, నొక్కితే నొప్పితో కాలు విదిల్చినా పశువైద్యుడికి చూపించకుండా కొనొద్దు.

అపోహ: బోడి పోతు అయితే కొమ్ముల బెడద ఉండదు, మందంతా బోడిదైతే ఇంకా మంచిది.

పుట్టుకతో బోడి అయిన పోతును, పుట్టుకతో బోడి అయిన మేకకే కట్టిస్తే చిక్కు వస్తుంది. కొమ్ములు రాకుండా చేసే జన్యుమార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే, ఆడపిల్లగా పుట్టాల్సింది ఆడ, మగ లక్షణాలు కలిసిపోయి గొడ్డుపోతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కోదానికీ ఆ మార్పు ఒక్కో వంతే ఉన్నా, ఆడపిల్లల్లో సగటున నాలుగింట ఒకటి ఇలా అవుతుంది. కొన్నిటికి మానం కింది కొనలో శనగగింజంత కండ కనిపిస్తుంది, కొన్ని పెద్దయ్యేదాకా బయటపడవు. రెండు వంతులూ అందిన మగవాటిలో కూడా కొన్నిటికి వీర్యనాళం పైభాగంలో పూడిక వచ్చి పిల్లలు కలగవు.

జంటలో ఒకటైనా పుట్టుకతో కొమ్ములున్నదై ఉంటే చాలు. చిన్నప్పుడు కొమ్ములు కాల్చేసినది కొమ్ముల లెక్కలోకే వస్తుంది, బోడి కాదు.

అపోహ: కవలల్లో పుట్టిన పోతు మన మేకలకు కవలల్నిస్తుంది.

ఎన్ని పిల్లలన్నది మేక ఆ ఎదలో ఎన్ని అండాలు విడుదల చేసిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ గుణం పోతు ద్వారా దాని కూతుళ్లకు అందుతుందే తప్ప, అది ఇప్పుడు దాటే (జత కట్టే) మేకల్లో కనిపించదు.

అపోహ: చురుగ్గా దాటుతోందంటే వీర్యం బాగున్నట్టే.

కోరిక వేరు, వీర్యం వేరు. వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. అందుకే గట్టి జ్వరమో, తీవ్రమైన ఎండదెబ్బో తగిలిన పోతు కోలుకుని హుషారుగా దాటుతున్నా, తర్వాతి వారాల్లో కట్టు నిలవదు. దాటిన మేకలు 18 - 21 రోజులకు వరుసగా పొర్లుతుంటే (మళ్లీ ఎదకొస్తుంటే) మేకల్ని అనుమానించే ముందు పోతు వీర్యం పరీక్ష చేయించండి. ఏడాది నిండని పోతుకు ఒక సీజనులో పది మేకలకు మించి వదలకండి. రెండేళ్లు దాటాక పాతిక, ముప్పై దాకా తట్టుకుంటుంది.

అపోహ: మన మందలో పుట్టిన పోతే మేలు, గుణం తెలుసు కదా.

మందలో పుట్టిన పోతుకు అక్కడి మేకలు తల్లో, అక్కచెల్లెళ్లో అవుతాయి. కొడుకును తల్లికి కట్టించినా, తండ్రిని కూతురికి కట్టించినా పుట్టే పిల్లలో రక్తసంబంధం 25 శాతం. బలహీనమైన పిల్లలు, కట్టు నిలవకపోవడం అక్కడి నుంచే మొదలవుతాయి. కూతుళ్లు ఎదకొచ్చేలోపు పోతును మార్చండి, లేదా వాటిని వేరే పోతుకు కట్టించండి. బయటి నుంచి తెచ్చినదాన్ని నెల రోజులు విడిగా ఉంచి, బ్రూసెల్లా (చూడి పోయేలా చేసే అంటుజబ్బు) పరీక్ష చేయించి, దవడ కింద, భుజం ముందు గడ్డలు లేవని చూసుకున్నాకే మందలో కలపాలి.

అపోహ: పోతుకు తవుడు ఎంత పెడితే అంత బలం.

తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే పనిగా పెడితే మగవాటి సన్నని మూత్రనాళంలో రాళ్లు అడ్డుపడతాయి. మొత్తం మేతలో భాస్వరం ఒక పాలైతే కాల్షియం రెండు పాళ్లు ఉండాలి, ముందు ఎప్పుడూ మంచి నీళ్లుండాలి. పోతు వీపు వంచి, ముక్కుతూ, చుక్కచుక్కగా పోస్తుంటే రేపటిదాకా ఆగకుండా వెంటనే డాక్టరును పిలవండి.