కొత్త ఫెర్రీ రూటు నిలబడుతుందా? అపోహలు - వాస్తవాలు

ప్రయాణికుల ఓడల నిర్వహణ నా వృత్తి. హన్మకొండకు వచ్చినప్పుడల్లా "అన్నా, ఓడల శ్రీలంకకు పోవచ్చట గదా, విమానం కన్నా అగ్గువట గదా" అని అడుగుతుంటారు. ఇలాంటి రూట్లలో డబ్బు పెట్టొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అడిగేది తమిళనాడులోని నాగపట్నం నుంచి శ్రీలంక ఉత్తరాన జాఫ్నా దగ్గరున్న కాంకేశన్‌తురై రేవుకు నడిచే ఫెర్రీ, అంటే ప్రయాణికుల ఓడ గురించి. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: మొదటి రోజే సీట్లు నిండితే రూటు హిట్టే.

ప్రారంభం రోజు జనాన్ని మేం లెక్కలోకి తీసుకోం. పండుగా సెలవూ లేని మామూలు మంగళవారం ఎందరు ఎక్కారు, తిరుగు ట్రిప్పులో ఎందరు వచ్చారు అన్నదే చూస్తాం. మేడారం జాతరకు కిక్కిరిసి పోయిన బస్సు ఇంకో ట్రిప్పు కోసం ఖాళీగా వెనక్కి రావాల్సిందే కదా, ఓడ పరిస్థితీ అంతే. 150 సీట్లు, టికెట్ 5,000 రూపాయలు అనుకుందాం. నిండితే ట్రిప్పుకు ఏడున్నర లక్షలు, 60 మందే ఎక్కితే మూడు లక్షలు. డీజిల్, జీతాలు, బీమా, రేవు చార్జీలు మాత్రం రెండు ట్రిప్పులకూ దాదాపు ఒకటే. 2011 జూన్‌లో తూత్తుకుడి–కొలంబో మధ్య మొదలైన స్కోషియా ప్రిన్స్ అనే ఓడలో వెయ్యి మందికి పైగా పట్టేవారు. అంతమంది రాలేదు. నవంబరుకల్లా ఆగిపోయింది.

అపోహ: ఓడ ఉంటే ఏడాదంతా నడపొచ్చు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇదే. నాగపట్నం–కాంకేశన్‌తురై ఫెర్రీని 2023 అక్టోబరు 14న ప్రారంభించారు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే సమయం అది. వారం తిరక్కుండానే సర్వీసు ఆగింది. 2024 ఆగస్టులో శివగంగై ఓడతో మళ్లీ మొదలై, నవంబరులో వాతావరణం బాగాలేక ఆగి, 2025 ఫిబ్రవరిలో తిరిగి నడిచింది. హైస్పీడ్ ఓడ ఎంత ఎత్తు అలల దాకా వెళ్లొచ్చో దాని అనుమతి పత్రంలోనే రాసి ఉంటుంది. అల అది దాటితే కెప్టెన్ బయలుదేరకూడదు, టికెట్లన్నీ అమ్ముడైనా సరే. ఆ రోజు ఆదాయం సున్నా. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు.

అపోహ: నీళ్ల మీద రోడ్డు వేయక్కర్లేదు కాబట్టి ఖర్చు తక్కువ.

నాగపట్నం లాంటి రేవులో ఇసుక మేట వేస్తుంటే తవ్వుతూనే ఉండాలి. ఇమిగ్రేషన్, కస్టమ్స్, భద్రతా తనిఖీ రెండు దేశాల్లోనూ కావాలి. మామూలు ఓడ వేగాన్ని రెట్టింపు చేయాలంటే ఇంజన్ శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. ప్రభుత్వం రేవు ఖర్చులు భరిస్తే ఊపిరాడుతుందేమో కానీ సీట్లు నిండవు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య నడిచే డోవర్–కలే రూటు ఇన్నేళ్లుగా బతుకుతోందంటే అందులో లారీల వాటా పెద్దది. మనుషుల టికెట్లతోనే నెట్టుకురావడం కష్టం.

అపోహ: విశాఖ నుంచి వేస్తే మనకు బాగుంటుంది.

విశాఖ నుంచి కొలంబోకు సముద్రంలో రెండు రోజుల పైనే పడుతుంది. కేబిన్లు, వంటగది, డాక్టరు అన్నీ కావాలి. శంషాబాద్ నుంచి విమానం దొరికేవాళ్లలో ఎందరు ఎక్కుతారు? నాగపట్నం రూటుకు బలం తమిళనాడు, జాఫ్నా చుట్టాల రాకపోకలు, చిన్న వ్యాపారులు. వరంగల్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై దాకా వెళ్లి, అక్కడి నుంచి వేళాంకణి, తంజావూరు వైపు ఎలాగూ వెళ్తున్నవాళ్లకు జాఫ్నా చూడటానికి ఈ ఓడ చక్కగా పనికొస్తుంది. ఓడ దిగేది కొలంబోకు దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో అని గుర్తుంచుకోండి. అలల వల్ల ఓడ ఆగిపోవచ్చు కాబట్టి, తిరుగు రైలు టికెట్‌ను ఓడ తిరిగొచ్చే రోజుకు కనీసం ఒక రోజు తర్వాతకు పెట్టుకోండి.