తొడ ఎముక 45 సెంటీమీటర్లు: మరి మనిషి ఎత్తెంత?

ఎముకలను బట్టి మనిషి ఆనవాలు కట్టే చదువు ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ. దాని ప్రాక్టికల్‌లో విద్యార్థి ముందు ఒక తొడ ఎముక, ఒక ఆస్టియోమెట్రిక్ బోర్డు పెడతారు. బోర్డుకు ఒక చివర కదలని చెక్క, రెండో చివర జరిగే చెక్క, మధ్యలో మిల్లీమీటర్ల స్కేలు ఉంటాయి. మోకాలి వైపున్న రెండు గుబ్బల్లో లోపలిదాన్ని కదలని చెక్కకు ఆనించాలి. తుంటిలో కూర్చునే గుండ్రటి తలకు జరిగే చెక్కను తాకించాలి. ఎముకను పైకీ కిందికీ, పక్కలకూ మెల్లగా ఆడిస్తూ, వచ్చిన అంకెల్లో పెద్దదాన్ని రాసుకోవాలి.

45 సెం.మీ. వచ్చిందనుకుందాం. 1952లో మిల్‌డ్రెడ్ ట్రాటర్, గోల్డిన్ గ్లేసర్ ఇచ్చిన సూత్రం ప్రకారం, తెల్లజాతి అమెరికన్ మగవాడైతే దీన్ని 2.38తో గుణించి 61.41 కలపాలి. జవాబు 168.5 సెం.మీ. ఇక్కడే ఆపేసిన విద్యార్థికి మార్కులు పోతాయి. ఆ సూత్రం పక్కనే ±3.27 అని ఉంటుంది. అది ఒక్క ప్రామాణిక దోషం. అంటే ముగ్గురిలో ఇద్దరు మాత్రమే ఆ హద్దుల్లో పడతారు. నూటికి తొంభై అయిదు మందిని పట్టాలంటే దాన్ని రెట్టింపు చేయాలి. అప్పుడు జవాబు 162 నుంచి 175 సెం.మీ. దాకా సాగుతుంది. మన ఊళ్లో మగవాళ్లను వరసగా నిలబెడితే సగం మందైనా ఆ మధ్యలోకే వస్తారు. అదే ఎముకకు నల్లజాతి అమెరికన్ల సూత్రం వాడితే నడిమి అంకె 165.3కి దిగుతుంది. ఎముక మారలేదు, మనం అనుకున్న జనాభా మారింది, అంతే.

సూత్రాలు కట్టినవాళ్లూ తప్పు చేశారు. కాలి లోపలి ఎముక, అంటే టిబియా, చీలమండ దగ్గర లోపలివైపు ఒక మొనగా దిగుతుంది. దాన్ని కలిపే కొలవాలని ట్రాటర్ రాసిపెట్టారు. తీరా కొలిచింది దాన్ని వదిలేసి. ఈ సంగతి రిచర్డ్ జాంట్జ్, తోటి పరిశోధకులు 1995లో బయటపెట్టారు. పుస్తకంలో చెప్పినట్టు శ్రద్ధగా కొలిచినవాళ్లకు సెంటీమీటరు పైచిలుకు ఎక్కువ వచ్చేది. టిబియా సూత్రంలో గుణకం 2.52 కాబట్టి అది ఎత్తులో రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల తప్పయ్యేది. మంచి డిగ్రీ కోర్సులో ఈ కథను మొదట్లోనే చెబుతారు.

స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలాంటి కొద్ది చోట్ల ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ పేరుతోనే బీఎస్సీ ఉంది. అమెరికాలో మామూలు దారి ఆంత్రోపాలజీ, అంటే మానవశాస్త్ర డిగ్రీ, అందులో ఎముకల శాస్త్రం పేపర్లు. మన దగ్గర విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల మానవశాస్త్ర విభాగాలున్నాయి. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో దీనికి దక్కే చోటు చిన్నదే. ఏ దారిన వచ్చినా ముందు శరీర నిర్మాణం, గణాంకాలు రావాలి. గణాంకాలంటే ముఖం తిప్పుకునేవాళ్లకు ఈ చదువు నప్పదు.

తర్వాత స్పాటర్లు, అంటే బల్ల మీద పెట్టిన నమూనాను చూసి గుర్తుపట్టే పరీక్ష. పెద్దవాళ్లలో 206 ఎముకలు, వాటి పేర్లు కొన్ని వారాల్లో నోటికి వచ్చేస్తాయి. కానీ పరీక్షలో బల్ల మీద ఉండేది నిండు ఎముక కాదు, బొటనవేలంత ముక్క. ఇది ఎముకేనా? మనిషిదేనా? ఏ ఎముక, ఎడమదా కుడిదా? ఒక నిమిషంలో రాసి పక్క బల్లకు జరగాలి. వెనకవైపు నిలువుగా గరుకు గీత తగిలితే తొడ ఎముక అని వేలికే తెలియాలి. పిల్లల ఎముకల దగ్గర చాలామంది తడబడతారు. పసిబిడ్డలో ముక్కలు దాదాపు 300, చివరలు ఇంకా అతుక్కోలేదు, ఒక్కో వెన్నుపూస మూడు ముక్కలుగా ఉంటుంది. తవ్వేవాళ్లు గులకరాళ్లనుకుని పారేస్తారు, లేదా కోడి ఎముకలనుకుంటారు. వెడల్పు కన్నాల జల్లెడ వాడితే మణికట్టులోని బఠాణీ గింజంత పిసిఫామ్ కూడా మట్టితో పాటే పోతుంది.

ఆడా మగా తేల్చడానికి కటి ఎముకను మించింది లేదు. కాన్పు కోసం ఆడవాళ్లలో అది వెడల్పుగా ఉంటుంది. ముందుభాగంలో, ప్యూబిస్ మీద, మూడు గుర్తులు చూస్తే నూటికి 96 సార్లు సరిగ్గా చెప్పవచ్చని 1969లో ఫెనిస్ అనే పరిశోధకుడు రాశాడు. చిక్కేమిటంటే ఆ భాగం పల్చన, మట్టిలో ముందు విరిగేది అదే. అప్పుడు పుర్రె మీదికి పోవాలి. చెవి వెనక గుబ్బ, కనుబొమల మధ్య ఉబ్బు, కంటి గుంత పై అంచు, గడ్డం, మెడ వెనక గరుకు గట్టు, ఈ అయిదింటికీ 1 నుంచి 5 దాకా అంకె వేయాలి. కొత్త విద్యార్థులు అన్నిటికీ 3 వేస్తారు. అది జాగ్రత్త కాదు, తప్పించుకోవడం. యుక్తవయసు రాని పిల్లల్లో ఈ గుర్తులేవీ పనిచేయవు. విచిత్రంగా, పిల్లల వయసు మాత్రం పళ్లు చూసి చాలా దగ్గరగా చెప్పవచ్చు. పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇదంతా తిరగబడుతుంది.

పెద్దవాళ్ల వయసే ఈ చదువులో అసలు మెట్టు. మెడ కింది జత్రుక (కాలర్ బోన్) లోపలి చివర ఇరవైల్లో అతుక్కుంటుంది, అన్నిటికన్నా ఆఖరు అదే. ఆ తర్వాత పెరుగుదల గుర్తులు ఉండవు, అరుగుదల గుర్తులే. రెండు కటి ఎముకలు ముందు కలిసేచోట ఉపరితలం కుర్రవయసులో దున్నిన చేనులా చాళ్లుచాళ్లుగా ఉంటుంది. వయసుతో అది చదునై, చుట్టూ గట్టు కట్టి, చివరికి గుల్లబారుతుంది. సూచీ–బ్రూక్స్ పద్ధతి దీన్ని ఆరు దశలుగా విడగొట్టింది. మగవాళ్లలో అయిదో దశకు సగటు 45.6 ఏళ్లు. పరిధి చూస్తే 27 నుంచి 66.

ఎస్సై గారికి ఈ పరిధి నచ్చదు, ఒక్క అంకె చెప్పమంటారు. స్టేషన్‌లో తప్పిపోయినవాళ్ల ఫైళ్లు ఉంటాయి. పరిధి వెడల్పయితే చూడాల్సిన ఫైళ్లు ఎక్కువవుతాయి, పని పెరుగుతుంది. మెప్పు కోసం దాన్ని 40–50కి కుదిస్తే, అసలు మనిషి వయసు 58 అయినప్పుడు సరైన ఫైలే పక్కకు పోతుంది, ఇక దాన్ని ఎవరూ తెరవరు. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి నేలమాళిగలో, శవపేటికల రేకుల మీద పేరూ వయసూ ఉన్న 387 మంది ఎముకలు దొరికాయి. వాటితో ఎముకల పద్ధతులను పరీక్షిస్తే, కుర్రవాళ్లను పెద్దవాళ్లుగా, ముసలివాళ్లను చిన్నవాళ్లుగా లెక్కగట్టినట్టు తేలింది.

చనిపోయి ఎన్నాళ్లయిందన్న ప్రశ్నకు జవాబు ఇంకా జారుడు. 1977లో అమెరికాలోని టెన్నెసీలో, చెదిరిపోయిన ఒక సమాధిలో దొరికిన శవం మీద మాంసం ఇంకా గులాబీ రంగులో ఉంది. ఆంత్రోపాలజిస్టు విలియం బాస్ చూసి, చనిపోయి ఏడాదికి మించలేదన్నారు. అది 1864లో అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికాధికారి విలియం షై శవం. పోత ఇనుప పేటిక, కుళ్లకుండా ఎక్కించిన రసాయనం కలిసి దాన్ని అలా నిలిపాయి. నూట పదేళ్లు పైబడిన తప్పు! శవాలు ఎలా కుళ్లుతాయో కొలిచి చూసినవాళ్లు లేరని తెలుసుకున్న బాస్, 1981లో టెన్నెసీ విశ్వవిద్యాలయంలో దానం చేసిన దేహాలతో ఆ పని మొదలుపెట్టారు. జనం దాన్ని బాడీ ఫార్మ్ అంటారు. అక్కడి చలికాలపు లెక్కలు తీసుకొచ్చి కోస్తా ఉక్కపోతకు అతికిస్తే మళ్లీ అదే తప్పు.

తవ్వకంలో చేసిన తప్పును ప్రయోగశాల సరిదిద్దలేదు. ఎముక చుట్టూ ఇనుప పనిముట్టు కాకుండా వెదురు పుల్ల వాడాలి, లేకపోతే మన గీత కత్తి గాయమని రిపోర్టులోకి ఎక్కుతుంది. ప్రతి ఎముకనూ ఉన్నచోటే స్కేలు, ఉత్తర దిక్కు బాణం పెట్టి ఫొటో తీశాకే కదపాలి. ఎండలో ఆరబెడితే పగుళ్లు వస్తాయి, తడిగా ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది. నీడలో ఆరనిచ్చి కాగితం సంచిలో పెట్టాలి.

పంజాబ్‌లోని అజ్నాలాలో 2014లో ఒక పాత బావి నుంచి అస్థిపంజరాలను నిపుణులు లేకుండానే తవ్వి తీశారు. ఎముకలు విరిగాయి, కలగలిసిపోయాయి, ఎవరిది ఏదో తెలియకుండా పోయింది. వీళ్లు 1857లో ఇంగ్లీషువాళ్లు చంపిన 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ పటాలపు సిపాయిలని కొందరు, దేశ విభజన అల్లర్లలో చనిపోయినవాళ్లని కొందరు అన్నారు. మిగిలినవాటిలో గట్టివి పళ్లు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఆ పరిశోధనలో 50 నమూనాల డీఎన్‌ఏను, 85 నమూనాల ఆక్సిజన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలను) చూశారు. చిన్నతనంలో తాగిన నీటి జాడ పంటి పింగాణీలో నిలిచిపోతుంది. చనిపోయినవాళ్లు పంజాబీలు కారు, గంగా మైదానపు మనుషులని 2022లో ప్రకటించారు. సిపాయిల వాదనకు అది సరిపోయింది. కానీ ఒక్కరి పేరు కూడా తెలియలేదు.

డిగ్రీ చేత పట్టుకుని కోర్టులో సాక్ష్యం చెప్పవచ్చనుకునేవాళ్లకు నిరాశే. అమెరికాలో ఈ రంగపు బోర్డు గుర్తింపుకు పీహెచ్‌డీ, ఆపైన అనుభవం కావాలి. మన జిల్లాల్లో పోలీసులు ఎముకలను పంపేది మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగానికి, అభిప్రాయం రాసేది డాక్టర్లు. మానవశాస్త్రం చదివినవాళ్లకు ఆ గదిలో ఇంకా కుర్చీ వేయలేదు.

ఇక మొదటి తొడ ఎముక సంగతి. 1985లో మన ప్రభుత్వం నిషేధించేదాకా ప్రపంచంలోని బోధనా అస్థిపంజరాలకు పెద్ద సరఫరాదారు భారతదేశమే, వ్యాపారానికి కేంద్రం కలకత్తా. ఇంగ్లండ్, అమెరికా కాలేజీల పెట్టెల్లో ఇవాళ్టికీ ఉన్నవాటిలో చాలా భాగం అవే. వాటి మీద నంబరు ఉంటుంది, పేరూ ఊరూ వయసూ ఉండవు. అలాంటి ఎముక మీద అమెరికన్ సూత్రం వేసి 168.5 అని రాసిన విద్యార్థికి, జవాబు సరిచూసుకోవడానికి ఏ రికార్డూ లేదు.