స్పానిష్ ‘గుస్తార్’: అపోహలు - వాస్తవాలు

స్పానిష్ నేర్పేటప్పుడు మొదటి నెలలోనే క్లాసంతా తడబడే క్రియ ‘గుస్తార్’. నా అనుమానం ఏమిటంటే, ఇబ్బంది ఆ క్రియలో లేదు. మనం దాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నాం, చిక్కంతా అక్కడే.

అపోహ: ‘గుస్తార్’ ఒక తలకిందుల క్రియ, దానికి ప్రత్యేక సూత్రం బట్టీ పట్టాలి.

వాస్తవం: ఇంగ్లీషు నుంచి చూసేవాళ్లకే అది తలకిందులు. ‘ఇష్టపడు’ అనే అర్థం రాసుకున్నవాళ్లు ‘యో గుస్తో లా మూసికా’ అని తప్పు వాక్యం కడతారు. ‘నచ్చు’ అని రాసుకోండి, సగం పని అయిపోతుంది. ‘నాకు సంగీతం నచ్చుతుంది’ అన్నప్పుడు కర్త సంగీతం, ‘నేను’ కాదు. స్పానిష్‌లోనూ అంతే: ‘మె గుస్తా లా మూసికా’. ఇందులో ‘మె’ అంటే ‘నాకు’. పుస్తకాలు నచ్చితే క్రియ బహువచనంలోకి మారుతుంది: ‘మె గుస్తాన్ లోస్ లీబ్రోస్’. పుస్తకం నచ్చింది, పుస్తకాలు నచ్చాయి అని మనం మార్చడం లేదూ? ఎందరు మనుషులకు నచ్చిందన్నది క్రియకు పట్టదు. పిల్లలందరికీ ఒకే పుస్తకం నచ్చినా అది ‘లెస్ గుస్తా’నే (‘లెస్’ అంటే ‘వాళ్లకు’).

నాకు ముచ్చటగా అనిపించేది భూతకాలం. ఒక సినిమా చూసొచ్చి ‘నచ్చింది’ అంటే ‘మె గుస్తో’, చివర ‘తో’ను ఒత్తి పలకాలి. చిన్నప్పుడు ఫలానా ఆట ‘నచ్చేది’ అంటే ‘మె గుస్తాబా’. ఈ తేడా చెప్పడానికి వ్యాకరణ పుస్తకాలు పేజీలు తీసుకుంటాయి. ఈ క్రియ వరకు మనకు నచ్చింది, నచ్చేది అన్న రెండు మాటలు చాలు.

అపోహ: గుస్తా, గుస్తాన్ అనే రెండు రూపాలు వస్తే సరిపోతుంది.

వాస్తవం: వర్తమానకాలంలో, వస్తువుల గురించి మాట్లాడినంతసేపూ సరిపోతుంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ‘నువ్వు నాకు నచ్చావు’ అనాలంటే ‘మె గుస్తాస్’, ‘నేను నీకు నచ్చానా’ అనాలంటే ‘తె గుస్తో’, ఈసారి ‘గుస్’ను ఒత్తి పలుకుతూ. కానీ జాగ్రత్త. ఎదుటి మనిషితో ‘మె గుస్తాస్’ అంటే మామూలుగా అది ప్రేమ వైపు లాగే మాట. తోటి ఉద్యోగి మంచివాడు, నాకు నచ్చుతాడు అని చెప్పాలంటే ‘మె కాయె బియెన్’ అనడం క్షేమం. ఒక సింగర్ పేరు చెప్పి ‘మె గుస్తా’ అంటే మాత్రం పాటలు నచ్చుతాయనే అనుకుంటారు, టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: ‘ఆ మీ మె గుస్తా’లో ‘నాకు’ రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒకటి తీసేయవచ్చు.

వాస్తవం: తీసేయగలిగింది ‘ఆ మీ’ ఒక్కటే. అది ‘నాకైతే’ లాంటిది, ఒత్తి చెప్పడానికో, పోలిక తేవడానికో వాడతారు. ‘మె’ తీసేస్తే వాక్యం కుంటుతుంది. పేరు చెప్పినా ఇదే పద్ధతి: ‘ఆ మరీయా లె గుస్తా లా మూసికా’. ‘మరియాకు ఆమెకు సంగీతం నచ్చుతుంది’ అన్నట్టు మన చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక్కడ తెలుగు సాయం చేయదు, అలవాటు చేసుకోవాల్సిందే.

సాయం చేయని చోటు మరొకటి ఉంది: ‘మె గుస్తా మూసికా’ అని ‘లా’ వదిలేయడం. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనవాళ్లకు అది లేని లోటే తెలియదు. నేను ఎక్కువసార్లు దిద్దే తప్పు ఇదే.

అపోహ: ఎవరైనా ‘మె గుస్తా’ అంటే ‘నేను కూడా’ అనడానికి ‘యో తంబియెన్’ అనాలి.

వాస్తవం: ‘నాకూ’ అనే చోట మనం ‘నేనూ’ అంటామా? ‘ఆ మీ తంబియెన్’ అనాలి. వాళ్లు తమకు నచ్చలేదంటే, మీకూ నచ్చకపోతే ‘ఆ మీ తంపోకో’.

అపోహ: రెండు పనులు నచ్చితే ‘గుస్తాన్’.

వాస్తవం: కాదు. ‘మె గుస్తా లేయెర్ ఇ కాంతార్’, చదవడం, పాడటం నచ్చుతాయి. పనులు రెండైనా క్రియ ఏకవచనమే.

అపోహ: ‘చాలా నచ్చింది’కి ‘మూయ్’ పెట్టాలి.

వాస్తవం: క్రియకు ‘మూచో’ వస్తుంది: ‘మె గుస్తా మూచో’. ఇంకా ఎక్కువగా నచ్చితే ‘మె ఎన్కాంతా’. దానికి మళ్లీ ‘మూచో’ తగిలించకండి, ఆ ‘చాలా’ అందులోనే ఉంది.

అపోహ: మనిషి ఎప్పుడూ ‘గుస్తార్’కు కర్త కాడు.

వాస్తవం: ‘మె గుస్తాస్’లో కర్త మనిషేగా. అక్కడ నచ్చినవాడు కర్త. ఇష్టపడేవాడు కర్త అయ్యే సందర్భాలూ ఉన్నాయి. ‘కోమో ఉస్తెద్ గుస్తె’ అంటే మర్యాదగా ‘మీ ఇష్టం’. మెక్సికోలో అతిథిని ‘గుస్తా?’ అని అడిగితే ‘తీసుకుంటారా?’ అని. కొత్తలో ఇవి మీరు వాడక్కర్లేదు, విన్నప్పుడు తికమకపడకుండా ఉంటే చాలు.

గుస్తార్ పట్టుబడ్డాక అదే దారిలో నడిచే క్రియలు చాలా ఉన్నాయి. తలనొప్పికి ‘మె దుయెలె లా కబేసా’, అక్షరాలా ‘నాకు తల నొప్పెడుతోంది’. ‘నా తల’ అనరు, మనలాగే ‘నాకు’తోనే సరిపెడతారు. ‘ఇంతెరెసార్’ (ఆసక్తి కలిగించు), ‘ఫాల్తార్’ (తక్కువవు), ‘పరెసెర్’ (అనిపించు) ఈ వరుసలోవే. నా క్లాసులో గుస్తార్ తర్వాతి రోజు పాఠం ‘దోలెర్’, ‘దుయెలె’కు మూలమైన ‘నొప్పెట్టు’ క్రియ.