రెక్క మీద పురుగు మరక

2015లో నాసా, బోయింగ్ కలిసి ఒక 757 విమానాన్ని అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ష్రీవ్‌పోర్ట్ అనే ఊరికి ఏరికోరి తీసుకెళ్ళాయి. ఎందుకో వింటే నవ్వొస్తుంది: అక్కడ పురుగులు ఎక్కువ!

వానాకాలం సాయంత్రం బండి మీద వెళ్తుంటే హెల్మెట్ అద్దానికి ఉసిళ్ళు కొట్టుకుని చితికిపోతాయి చూడండి, విమానం రెక్క ముందంచుకీ అదే గతి. అంత పెద్ద విమానానికి పిసరంత పురుగు ఒక లెక్కా అనిపిస్తుంది. బరువు కాదు గొడవ. రెక్కని బాగా నున్నగా, సరైన ఆకారంలో చేస్తే గాలి దాన్ని ఆనుకుని పొరలు పొరలుగా, కలగాపులగం కాకుండా జారిపోతుంది, దీన్నే లామినార్ ఫ్లో అంటారు, ఇలా ఉన్నంతసేపూ రాపిడి తక్కువ, ఇంధనం ఖర్చూ తక్కువ. కానీ ఈ గాలి మహా సుకుమారం. ముందంచు దగ్గర ఆ పొర మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి ఎండిన మరక ఒక్కటి అడ్డం పడితే చాలు, దాని వెనకాల గాలి విసనకర్రలా విచ్చుకుంటూ సుళ్ళు తిరిగిపోతుంది.

పైగా పురుగులు ఎక్కువగా ఉండేది నేలకి దగ్గర్లోనే. టేకాఫ్ అయిన కొద్ది నిమిషాల్లో అంటుకున్న మరకని పైన గంటల తరబడి మోసుకు తిరగాలి.

నిజానికి ఇప్పటి ప్రయాణికుల విమానాల రెక్కల మీద గాలి చాలామటుకు ఎలాగూ సుళ్ళు తిరుగుతూనే ఉంటుంది, వాటికి పెద్ద తేడా పడదు. టెన్షనంతా రాబోయే లామినార్ రెక్కల గురించే. ఇంజను లేని గ్లైడర్లకైతే అలాంటి రెక్కలు ఎప్పుడో వచ్చేశాయి, అందుకే కొందరు పైలట్లు గాల్లో ఉండగానే దారంతో లాగి ముందంచుని తుడిచే చిన్న వైపర్లు పెట్టుకుంటారు. నాకు భలే నచ్చిన ఉపాయం ఇది.

జెట్ విమానానికి దారాలు కట్టలేం కదా, అందుకని పూతల మీద పడ్డారు. చితికిన పురుగు రక్తంలో రసాయన మార్పులు మొదలై అది జిగురులా తయారవుతుంది, తర్వాత వదలమన్నా వదలదు. దీనికి నాసా వాళ్ళు తామరాకు వైపు చూశారు: నీటిబొట్టు నిలవనివ్వని ఆ ఆకు మీద కంటికి కనపడని బుడిపెలుంటాయి. ష్రీవ్‌పోర్ట్‌లో 15 సార్లు ఎగిరి ఐదు రకాల పూతల్ని పోల్చి చూస్తే, వాటిలో ఒకటి పక్కనే ఉన్న, పూత లేని మామూలు ముక్క కంటే మరకల్ని దాదాపు 40 శాతం తగ్గించింది. బాగానే ఉంది గానీ, ఆ పూత వానకీ దుమ్ముకీ ఓర్చుకుని ఏళ్ళ తరబడి రెక్కని పట్టుకుని ఉండాలి, పురుగు మాత్రం దాన్ని పట్టుకోకూడదు.