గురువారం అరుగు మీదికి రండి

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో తాతయ్య వందనాలు.

మొన్న యూత్ మీటింగు అయ్యాక మీలో ఒకడు అడిగాడు, "తాతయ్యా, శిష్యత్వం శిష్యత్వం అంటారు గదా, అంటే మేం అసలేం చేయాలి?" అని. పులిహోర పొట్లాలు పంచే హడావిడిలో ఉన్నాను, "ప్రార్థన చేసుకో నాయనా" అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గనిపించింది, అందుకే ఈ ఉత్తరం.

ముందు మా మేనమామ సంగతి చెప్తాను. నాకు పదిహేడేళ్లప్పుడు పొగాకు క్యూరింగు నేర్చుకోమని మా నాన్న నన్ను కందుకూరు దగ్గర మామ బ్యారన్‌కి, అంటే పచ్చి పొగాకు వేడిమీద ఎండబెట్టే కొట్టానికి, పంపాడు. ఒక బ్యారన్ ఆకు ఎండి దిగాలంటే ఐదారు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మామ ఇంటికి వెళ్లేవాడు కాదు, నులక మంచం అక్కడే వేసుకునేవాడు. రాత్రిపూట టార్చి వేసి, చిన్న అద్దంలోంచి లోపల వేలాడే థర్మామీటరు చూపించేవాడు. ముందు ఆకు పండి పసుపు రంగుకి రావాలి, తర్వాత ఆకు ఎండాలి, ఆఖరున ఈనె ఎండాలి. పండకముందే తొందరపడి మంట పెంచితే ఆకు ఆకుపచ్చ రంగులోనే ఎండిపోతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఇదంతా ఆయన పాఠంలాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆకు చేతికిచ్చి నలపమనేవాడు, వాసన చూడమనేవాడు. మూడో బ్యారన్‌కి "నేను పడుకుంటున్నా, నువ్వు చూసుకో" అని అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు, మధ్యమధ్యలో దగ్గు వినిపిస్తూనే ఉంది.

మార్కు సువార్త మూడో అధ్యాయంలో యేసు పన్నెండుమందిని నియమించినప్పుడు మొదటి కారణం ఏం రాసి ఉందో చూడండి: వాళ్లు ఆయనతో కూడ ఉండడానికి. ప్రకటించడానికి పంపడం ఆ తర్వాత మాట. మనం దీన్ని తిరగేశాం. మైకు ముందిస్తాం, తోడుండడం మరిచిపోతాం.

మన ప్రాంతం వాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చిన తొలి రోజుల్లోనే కనిగిరి వైపు తాళ్లకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య వచ్చి కలిశాడు. తోలు వ్యాపారం చేసే మనిషి. అంతకుముందే యోగం నేర్పే గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు కాబట్టి, గురువు వెంట నడవడమంటే ఏమిటో ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఊరూరా తిరిగి చుట్టాల ఇళ్లలో కూర్చుని చెప్పాడు. అప్పట్లో కొత్తగా నమ్మినవాళ్లకి మూడే నియమాలు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇప్పుడు మీకు చిన్నవిగా కనిపిస్తాయేమో గానీ, ఆదివారం పనికి రానంటే ఆసామితో, పండక్కి రానంటే ఊరితో గొడవే. ఖర్చు లేని విశ్వాసం వాళ్లకి తెలియదు.

తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ కరువు పని రోజుల్లో బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు వంతులవారీగా నీళ్లలోకి దిగుతూ.

ఈ అంకె మన ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నారో! నేను మాత్రం మర్నాటి సంగతి ఆలోచిస్తాను. అంతమంది పల్లెలకి తిరిగి వెళ్లాక వాళ్లకి ప్రార్థన నేర్పిందెవరు? అక్షరం ముక్క రాని పిల్లాడి పక్కన కూర్చుని వాక్యం కంఠత పట్టించిందెవరు? పల్లె బోధకులు, బడి పంతుళ్లు, ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు. వాళ్లలో చాలామంది పేర్లు మనకి తెలియవు.

ఇక నా తప్పు. ఇరవై ఏడేళ్లకి నాకు యూత్ బాధ్యత ఇచ్చారు. రిజిస్టరు పెట్టి హాజరు వేసేవాణ్ణి. ఒక ఈస్టర్‌కి పదకొండుమంది పిల్లలు బాప్తిస్మం తీసుకున్నారు, పొంగిపోయాను. రెండేళ్ల తర్వాత ఆ పేజీ తిరగేస్తే అందులో నలుగురు ఎక్కడున్నారో కూడా నాకు తెలియదు. కంఠత వాక్యాల్లో ప్రతి ఏడూ ఫస్టు ప్రైజు కొట్టే పిల్లాడు చీట్ల పేకలో అప్పుల పాలై ఊరు వదిలి వెళ్లాడని కిరాణా కొట్లో విన్నాను. ఒక్కసారైనా వాడి పక్కన కూర్చుని "ఏంట్రా, ఎట్టా ఉండావు?" అని అడిగిన పాపాన పోలేదు.

ఆ తర్వాత ఇద్దరు కుర్రాళ్లతో మా అరుగు మీద మొదలుపెట్టాను. ఇద్దరే. మార్కు పదహారు అధ్యాయాలు, వారానికి ఒకటి. చదవడం, అర్థం కానిది అడగడం, "పోయినవారం చేస్తానన్నది చేశావా?" అని ఒకరినొకరు అడగడం. ఈ చివరిదే కష్టం. ఒకసారి "అన్నతో మాట్లాడావా?" అని వాళ్లలో ఒకడు నన్నే అడిగాడు. గట్టు తగాదాతో మా అన్నతో నాకు మాటల్లేవు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

వాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లేవాణ్ణి, చావు ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి. అక్కడ ఏం మాట్లాడాలో కాదు, ఎప్పుడు ఊరుకోవాలో అక్కడే తెలుస్తుంది. వాళ్లలో ఒకడికి పెళ్లి కుదిరినప్పుడు కట్నం మాట వచ్చింది. వాడు వద్దన్నాడు, వాళ్లమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. దానికి నాకేం బాధ లేదు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఆడపిల్లలకి పెద్ద వయసు అక్కలే తోడుండాలి. నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ మధ్య అప్పు ఉండకూడదు. "నా శిష్యుడు" అనే మాట నోట రానివ్వకండి, మనమంతా ఒక్కరికే శిష్యులం. పొద్దున్నే వాట్సాప్‌లో వాక్యం ఫార్వర్డ్ చేయడం తప్పు కాదు గానీ, అది పలకరింపే, సహవాసం కాదు.

మధ్యలో ఒకడు జారిపోతే కొట్టేయకండి. మార్కు అనే యోహాను పంఫూలియలో వదిలేసి వెళ్లాడని పౌలు వాణ్ణి మళ్లీ వెంట రానివ్వలేదు. బర్నబా మాత్రం తీసుకెళ్లాడు. చివరికి అదే పౌలు తిమోతికి రాస్తూ మార్కును వెంటబెట్టుకు రమ్మన్నాడు, నాకు పనికొస్తాడని. పేకాటకి పోయినవాడి దగ్గరికి నేను బర్నబాలాగా వెళ్లలేదు. ఆలస్యంగానైనా పోయినేడు వాడి నంబరు సంపాదించాను. ఇప్పుడు చెన్నైలో ఉన్నాడు. మొదటిసారి ఫోను పెట్టేశాడు. రెండోసారి పది నిమిషాలు మాట్లాడాడు.

మీలో ఇద్దరు ముగ్గురు చాలు, ఈ గురువారం సాయంత్రం ఏడింటికి మా అరుగు మీదికి రండి. మార్కు మొదటి అధ్యాయం ఒకసారి చదువుకుని రండి. ఆ టైముకి కరెంటు పోతుంటుంది, టార్చి తెచ్చుకోండి. టీ అవ్వ పెడుతుంది.

ప్రేమతో,
మీ తాతయ్య