బాక్స్ కెమెరాలు, క్లిక్ కెమెరాలు: అపోహలు – వాస్తవాలు

పాత కెమెరాలను బాగుచేసే నా దగ్గరకు మన ఇళ్ల బీరువాల్లోంచి ఎక్కువగా వచ్చేవి భారతదేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ 3లు, వాటి తరువాత పెట్టె ఆకారపు (బాక్స్) కొడక్ బ్రౌనీలు. నిక్షేపంగా పనిచేసే వీటిని కొన్ని అపోహల వల్ల పక్కన పడేయడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: వీటికి ఇప్పుడు రీలు దొరకదు.

వాస్తవం: 1901లో నంబర్ 2 బ్రౌనీ కోసం కొడక్ తెచ్చిన 120 రీలు నేటికీ తయారవుతోంది. క్లిక్ 3కి కావలసింది కూడా అదే. ఒక రీలుకు 12 చదరపు ఫొటోలు వస్తాయి. కొన్ని బ్రౌనీలకు వాడే 620 రీలును కొడక్ ఆపేసినా, రెండింటి ఫిల్మూ ఒకే వెడల్పు కనుక, పూర్తి చీకట్లో 120 ఫిల్మును పాత 620 స్పూలుకు (ఫిల్ము చుట్టే ఇరుసుకు) చుట్టి వాడుకోవచ్చు.

అపోహ: లెన్సు నాసిరకం కాబట్టి ఫొటోలు మసకగానే వస్తాయి.

వాస్తవం: ఒకే అద్దపు బిళ్ళ ఉన్నా, కాంతి వచ్చే రంధ్రాన్ని చిన్నదిగా ఉంచడం వల్ల సుమారు మూడు మీటర్ల నుంచి దూరంగా ఉన్నవన్నీ చాలినంత స్పష్టంగా పడతాయి. ఆ రోజుల్లో పెద్ద నెగెటివును నేరుగా కాగితంపై పెట్టి అదే కొలతలో ప్రింటు వేసేవారు. ఆ కొలతకు ఈ లెన్సు ధారాళంగా సరిపోతుంది. నేను చూసిన మసక ఫొటోల్లో చాలావాటికి కారణం చేతి కదలికే. కాంతిని లోపలికి వదిలే తలుపు, అంటే షట్టరు, సెకనులో 30వ వంతు నుంచి 50వ వంతు సేపు తెరుచుకుని ఉంటుంది కనుక, మీట నొక్కే అదురు కూడా ఫిల్ముకు ఎక్కుతుంది. కెమెరాను స్తంభానికో గోడకో ఆనించి, మీటను మెల్లగా నొక్కి చూడండి.

అపోహ: వేగం ఎక్కువున్న ఫిల్ము వేస్తే ఫొటోలు బాగుంటాయి.

వాస్తవం: వేగం అంటే ఫిల్ము కాంతిని గ్రహించే చురుకుదనం, అంకె పెరిగేకొద్దీ తక్కువ కాంతే చాలు. మన ఎండలో 400 వేగపు ఫిల్ముకు కాంతి మోతాదు మించిపోతుంది, 100 వేగపు నలుపు తెలుపు నెగెటివు మేలు.

అపోహ: వెనుక ఫొటో అంకెను చూపే ఎర్ర కిటికీ ఫిల్మును కాంతి నుంచి కాపాడుతుంది.

వాస్తవం: ఎరుపు సోకని పాత ఫిల్ముల కాలంలో అది నిజం. నేటి ఫిల్ములు ఎర్రని వెలుగునూ గ్రహిస్తాయి కనుక కిటికీపై నల్ల టేపు అంటించి, నీడలో రీలు తిప్పేటప్పుడు మాత్రమే అంకె కోసం తెరవాలి.

అపోహ: షట్టరు బిగుసుకుంటే నూనె చుక్క వేయాలి.

వాస్తవం: నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, లెన్సుకూ పాకుతుంది. దూదిపుల్లను లైటర్లలో పోసే నాఫ్తాలో కొద్దిగా తడిపి, పాత జిడ్డును తుడిచి, పూర్తిగా ఆరాకే రీలు వేయండి.