కాలేజీలో సీటొస్తే నర్సింగ్‌లో సీటొచ్చినట్టేనా?

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోనుకి తీరిక ఉండదు. అమెరికాలో చేరబోయే కాలేజీకి మే 1 లోపు డిపాజిట్ కట్టాలి కదా, ఆ హడావుడి. "వదినా, పాపకి నర్సింగ్‌లో సీటొచ్చింది. చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. కట్టేయమంటావా?" లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే ప్రధాన సబ్జెక్టు ఏదైనా సాహిత్యం, ఫిలాసఫీ, సైన్సు అన్నీ కొంత కొంత చదివించేది. నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: ముందు ఆ అడ్మిషన్ లెటర్ చదివి వినిపించు. చదువుతారు. మధ్యలో ఎక్కడో "ప్రీ నర్సింగ్" అని వస్తుంది. అక్కడ ఆపుతాను.

అపోహ: కాలేజీలో సీటొస్తే నర్సింగ్‌లో సీటొచ్చినట్టే.

కాదు. అమెరికాలో ఇవి రెండు వేరు వేరు గుమ్మాలు. కొన్ని కాలేజీలు డైరెక్ట్ అడ్మిట్ ఇస్తాయి, అంటే మొదటే నర్సింగ్‌లో చేర్చుకుంటాయి. వాళ్ళు చెప్పిన జీపీఏ నిలబెట్టుకుంటే సీటు మీదే. మిగతావి "ప్రీ నర్సింగ్" పేరుతో ముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ చదివించి, ఆ తర్వాత నర్సింగ్‌కి మళ్ళీ అప్లికేషన్ పెట్టమంటాయి. పెట్టినవాళ్ళందరికీ రాదు. చిన్న ఊళ్ళో క్లినికల్స్‌కి, అంటే ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్‌కి, ఉండేది ఒకటో రెండో ఆసుపత్రులు. నేర్పడానికి నేను వార్డుకి తీసుకెళ్ళేది ఎనిమిది మంది స్టూడెంట్లని. తొమ్మిదో పిల్ల ఎంత బాగా చదివినా ఆమెకి బెడ్డెక్కడ, పేషెంటెక్కడ?

తెలిసినవాళ్ళ అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. కాలేజీ పేరు ఎందుకులెండి. కెమిస్ట్రీలో సీ మైనస్ వచ్చింది, వాళ్ళకి కనీసం సీ కావాలి. నాన్నగారు నాకు ఫోన్ చేసి, "ఇంటర్లో సప్లిమెంటరీ రాసినట్టు జూన్‌లో రాసేస్తే పోదా అమ్మా?" అన్నారు. ఆ కోర్సు అక్కడ ఏడాదికొక్కసారే పెడతారు. పెద్ద యూనివర్సిటీ అయితే సమ్మర్లో ఇంకో సెక్షన్ దొరికేదేమో. చిన్న కాలేజీలో చెప్పే ప్రొఫెసర్ ఒక్కరే. ఏడాది పోయింది. ఫీజు గోల అటుంచండి, ఆ పిల్ల ఇంట్లో చెప్పలేక ఒక సెమిస్టరంతా దాచింది. ఫోన్లో నాతో మాట్లాడుతూ "నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేశారు ఆంటీ" అంది. నాకు కోపం వచ్చింది ఆ పిల్ల మీద కాదు, "నర్సింగ్ కదా, ఈజీగా వస్తుంది" అని వాట్సాప్‌లో వాగిన పెద్దమనుషుల మీద.

కాబట్టి డిపాజిట్ కట్టకముందే అడగండి. డైరెక్ట్ అడ్మిటా, కాదా? పోయినేడాది ఎంతమంది అప్లై చేస్తే ఎంతమందికిచ్చారు? ఒక సబ్జెక్టు తప్పితే మళ్ళీ ఎప్పుడు పెడతారు? జవాబు ఈమెయిల్లో ఉండాలి. క్యాంపస్ టూర్‌లో నవ్వుతూ చెప్పిన మాట చెల్లదు.

ఇంకో తిరకాసుంది. కొన్ని లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో అసలు నర్సింగ్ మేజరే ఉండదు. అక్కడ "ప్రీ నర్సింగ్" అంటే సలహా చెప్పే ఒక అడ్వైజర్, అంతే. బయాలజీలోనో సైకాలజీలోనో డిగ్రీ చేసి, వేరేచోట 12 నుంచి 18 నెలల యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (డిగ్రీ ఉన్నవాళ్ళు త్వరగా ముగించే నర్సింగ్ డిగ్రీ) చేయాలి. చెడ్డ దారేం కాదు, మంచి నర్సులు ఆ దారిన వచ్చారు. కానీ రెండు డిగ్రీల ఖర్చు లెక్కేసుకోండి. మొదటి డిగ్రీ అయ్యాక పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వమిచ్చే సాయం) కూడా రాదు.

అపోహ: ఆర్ట్స్ కాలేజీ, పైగా బీఏ. ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్స్ రాదు.

మిన్నెసోటాలో సెయింట్ ఓలాఫ్ కాలేజీ నర్సింగ్‌కి ఇచ్చేది బీఏ డిగ్రీయే. వాళ్ళ పిల్లలూ అందరితోపాటే ఆర్ఎన్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాస్తారు: 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. మీరు చూడాల్సింది రెండే: స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆమోదం, నర్సింగ్ కోర్సుల నాణ్యత చూసే సంస్థలు సీసీఎన్ఈ లేదా ఏసెన్ గుర్తింపు.

అపోహ: ఫిలాసఫీ, లిటరేచర్ దండగ.

ఎథిక్స్ క్లాసంటే మొహం ముడుచుకునే స్టూడెంట్ ఒకమ్మాయి ఉండేది నా దగ్గర. ఓ ముసలి పాడి రైతు, కాలికి షుగర్ పుండు, ఇన్సులిన్ వద్దంటే వద్దన్నాడు. "పేషెంట్ నిరాకరించాడు" అని ఛార్టులో ఒక్క ముక్క రాసి వచ్చేయొచ్చు. ఈ పిల్ల సిరంజి ట్రేలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఎన్ని ఆవులున్నాయని అడిగింది. పది నిమిషాలకి అసలు సంగతి బయటపడింది: అతని భార్య ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదికే పోయిందట, మందే చంపిందని ఆయన నమ్మకం. మధ్యాహ్నం డోసుకి చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు. అది ఏ క్లాసులో నేర్చుకుందని నేనడగలేదు. డోసు లెక్కల క్లాసులో మాత్రం కాదు.

అపోహ: ప్రైవేటు కాబట్టి మనవల్ల కాదు.

వెబ్‌సైట్లో ఉన్న ఫీజు చూసి గుండె పట్టుకోకండి. 2011 నుంచి ప్రతి కాలేజీ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (సాయం పోను మీకు పడే ఖర్చు అంచనా వేసేది) పెట్టాలని ఫెడరల్ రూలుంది, అందులో మీ వివరాలు కొట్టి చూడండి. కెంటకీలో బెరియా కాలేజీ అయితే ట్యూషన్ ఫీజే తీసుకోదు, అక్కడ నర్సింగూ ఉంది.

ఇక గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వద్దామనుకునేవాళ్ళకి: ఎమ్మెస్ కంప్యూటర్స్ వాళ్ళలా మూడేళ్ళ ఓపీటీ (చదువయ్యాక ఇక్కడే పనిచేసే అనుమతి) ఉంటుందని కన్సల్టెన్సీ చెబితే నమ్మకండి. బీఎస్ఎన్‌కి ఏడాదే. మామూలు ఆర్ఎన్ ఉద్యోగానికి హెచ్-1బీ వర్క్ వీసా దొరకడం కూడా కష్టం.

నాకు ఫోన్ చేసేముందు లెటర్ ఫొటో తీసి పంపండి. నైట్ డ్యూటీ వారమైతే పగలంతా నిద్రలో ఉంటాను, లేచాక చూస్తాను. మే 2న మాత్రం పంపకండి.